బ్యాటరీ బీరువా తలుపు

పెద్ద మామా కళ్ళు తెరిచిందో లేదో మాకింకా తెలియదు. అమ్మ తాను వంట చేసే కువైటీ ఇంటి ముసలావిడను అలాగే పిలుస్తుంది.

నిన్న మధ్యాహ్నం కరెంటు కోత మొదలైన వేళకు అమ్మ ఆవిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటి లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళ్తోంది. మధ్యలో లిఫ్టు ఆగిపోయింది. ఇంట్లో వేరే ఎవరూ లేరు. ఆ చీకటి పెట్టెలోంచి అమ్మ ఫోను చేస్తూనే ఉంది, ఒక్కటీ కలవలేదు. కరెంటు వచ్చి తలుపు తెరుచుకునేసరికి పెద్ద మామా తల పక్కకు వాలిపోయి ఉంది. ఇప్పుడావిడ ఆసుపత్రిలో ఉంది. అమ్మ జాబ్రియాలోని ఆ ఇంటి వంటగదిలోనే ఉంది, గడప దాటొద్దన్నారు. ఫోను చేశానంటే అక్కడెవరూ నమ్మడం లేదు. చేస్తే ఒక్కరికైనా వచ్చేది కదా అంటున్నారట.

రాలేదు. ఆ వీధికి సిగ్నల్ ఇచ్చే టవరు సరిగ్గా ఆ సమయానికే ఆగిపోయింది. ఆ టవరును చూసుకునేది మా నాన్న వెంకటరాజు.

ఇక్కడి చట్టం ప్రకారం ఎండలో పని చేయకూడని వేళ ముగిశాక నాన్న నన్ను కూడా వెంట తీసుకొచ్చాడు. అర్దియాలోని మా గదిలో ఒక్కదాన్నే వదలడం ఇష్టం లేక. సెలవులకు విజిట్ వీసా మీద వచ్చిన నేను ఇంతవరకూ కువైట్‌ను కారు అద్దంలోంచే చూశాను. ఇప్పుడు ఒక మేడ పైకప్పు మీద, మెట్లగది నీడలో నిలబడి చూస్తున్నాను. గోడకు ఆనుకుంటే వీపు కాలుతోంది. కూర్చుంటే నేల కాలుతోంది. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు నడుస్తున్నాను.

టవరంటే మా ఊళ్ళో కొబ్బరితోటల పైన కనిపించే ఇనుప టవరులాంటిది కాదు. మేడ మీద పొట్టి స్తంభాలు, వాటికి తెల్లటి పొడుగు డబ్బాలు. పక్కనే మనిషెత్తు ఇనుప పెట్టె. నాన్న దాన్ని బీరువా అంటాడు. అందులో బ్యాటరీలు ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపూ నింపుకుంటూ ఉంటాయి, పోగానే టవరును అవే మోస్తాయి. వాటికి వేడి పడదు. అందుకే బీరువాకు సొంతంగా ఒక ఏసీ, తలుపు చుట్టూ బయటి గాలి దూరకుండా లావుపాటి రబ్బరు. లోపల వేడి హద్దు దాటితే బ్యాటరీ తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే అంటుకుంటుందట.

నిన్న అలాగే ఆగిపోయింది. ఎందుకు వేడెక్కిందన్నదే ఇవాళ తేలాలి.

"ఏసీ పని చేస్తాండాది," అన్నాడు మునాఫ్ సార్. ఆయనది రాయచోటి వైపు. నాన్నకూ, బ్యాటరీలు బిగించిన పరశురాం బాబాయ్‌కూ సూపర్‌వైజరు. తెల్ల రుమాలు తడిపి టోపీ కింద పెట్టుకున్నాడు. నీళ్ళు చెవుల మీదుగా కారుతున్నాయి. "కరెంటు పోతే ఏసీ ఆగుతాది, చిన్న ఫ్యాను తిరగల్ల. అదీ తిరుగుతాండాది. తలుపు చూడు, ఎంత బిర్రుగా పడతాండాదో. ఇంగ మిగిలిందేంది? నట్లు. పరశురామూ, నట్టు వదులుంటే అక్కడే వేడి పుడతాది. తెల్సు గదా నీకు?"

"ఎర్కనే సార్," అన్నాడు పరశురాం బాబాయ్. జగిత్యాల మనిషి. మొదట షుఐబా ఫ్యాక్టరీల్లో పైపుల పని చేసి, తర్వాత ఈ పనికి వచ్చాడు. "ఒక్కొక్కటి బిగిచ్చి ఎర్రగీత వెట్టిన. సూడుండ్రి, గీతలున్నయి."

"గీత ఉండాది. గీత బిగువును పట్టుకోదు గదప్పా."

"నేను బిగిస్తే ఊడదంటరు సార్ అందరు."

"అవునవును. మీ జగిత్యాల నుంచి ఏనుగు రావల్ల ఊడదీసేకి." మునాఫ్ సార్ నవ్వకుండానే అని, పానా తీసుకుని బీరువాలోకి వంగాడు. ఒక్కో నట్టుకూ పానా పెట్టి చూస్తున్నాడు. ఏదీ కదల్లేదు. అడుగు వరసలో ఒకటి కొంచెం తిరిగింది. కొంచెమే. ఆయన నడుం ఎత్తి పరశురాం బాబాయ్ వైపు చూశాడు.

పరశురాం బాబాయ్ తానే వంగి ఆ నట్టును వేలితో తడిమాడు, పాప నుదురు తడిమినట్టు. "ఏమో సార్. ఆ దినం గాడ్పుకు కండ్లు తిరిగినయి. మధ్యల ఓసారి నీడకు కూసున్న. మల్లొచ్చినంక గిదొక్కటి మర్శిన్నో ఏమో."

నేను నాన్న వైపు చూశాను. నాన్న వీధి వైపు చూస్తున్నాడు. అక్కడ చూడడానికేమీ లేదు. అమ్మ పనిచేసే ఇంటి గోడ, గేటు ముందు ఆగిన కారు, అంతే.

"ఇంగ వినండి ఇద్దరూ," అన్నాడు మునాఫ్ సార్. "ఈ మేడ అబూ ఫహద్‌ది. ఆసుపత్రిలో ఉండేది ఆయప్ప అక్క. సాయంత్రం మగ్రిబ్ నమాజు లోపల పైకొస్తానన్నాడు. ఫోన్లు ఎందుకు చచ్చినాయని నన్నడుగుతాడు. ఊరికే చెడిపోయిందంటే ఊరుకునే మనిషి కాదు. కారణం చెప్పల్ల, మనిషిని చెప్పల్ల. చెప్తేనే మన రాజు పెండ్లాం ఫోను చేసిందనేది నిజమవుతాది. లేదంటే ఆమె అబద్ధం చెప్తాండాదనే అనుకుంటారు."

"మనిషిని చెప్తే ఏమైతది సార్?" అన్నాడు పరశురాం బాబాయ్.

మునాఫ్ సార్ పానాను రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. "నీకు తెల్సు గదా. ఇక్కడ ఉండేకి నీ ఇఖామా కాగితం ఈ నెలే మార్చల్ల. మార్చరు. ఖలాస్, ఊరికి పోవల్సిందే."

గాలి వేడిగా కొట్టింది. నీళ్ళ ట్యాంకు మీది రేకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు నా పళ్ళలో వినిపిస్తోంది. నాన్న ఇప్పటికైనా ఏదో ఒకటి అంటాడనుకున్నాను. "మావాడు నట్టు మర్చిపోయే రకం కాదండి" అనైనా. పరశురాం బాబాయ్ మా గదికి వచ్చినప్పుడల్లా నాకు లబన్ మజ్జిగ సీసా తెస్తాడు. ఇందాక మెట్లెక్కేటప్పుడు తన తడి తువ్వాలు తీసి నా తల మీద వేశాడు. "కొత్త నెత్తి బిడ్డా, కాలుతది" అన్నాడు. ఆ తువ్వాలు ఇంకా నా మెడ మీదే ఉంది, ఎప్పుడో ఎండిపోయి.

నాన్న వీధి వైపు నుంచి తల తిప్పలేదు.

"బిడ్డా, నీళ్ళున్నయా?" అన్నాడు పరశురాం బాబాయ్.

మంచినీళ్ళ సీసా నాన్న భోజనం సంచిలో ఉంది. వచ్చేటప్పుడు నేను దాన్ని మెట్లగది గుమ్మం దగ్గరే పెట్టాను. ఇప్పుడది లోపల, మూలనున్న ఖాళీ రంగు డబ్బాల వెనక ఉంది. ఎవరు జరిపారో అనుకుంటూ జిప్పు తీశాను.

సీసా పక్కన పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఉంది. గోంగూర పచ్చడేమోనని విప్పాను.

నిమ్మకాయ. నల్లగా, గట్టిగా, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. దాని పైన ఎండిన పచ్చిమిరపకాయలు గుచ్చిన నూలుతాడు. నిమ్మకాయ తొడిమ దగ్గర ఇంకా కుంకుమ అంటుకుని ఉంది. నొక్కుకుపోయిన పక్కన మాత్రం నల్లటి గీత, రబ్బరు అంటించినట్టు.

ఆ ముడి నాకు తెలుసు. అమ్మ తప్ప ఇంకెవరూ అలా రెండుసార్లు మెలేసి వేయరు.

ఈ కొత్త బ్యాటరీలు పెట్టిన వారం, అమ్మ శుక్రవారం సెలవుకి గదికొచ్చి ఆ దండ కట్టి నాన్నకిచ్చింది. "కొత్త సామానండీ, అందరి కళ్ళూ పడతాయి. తగిలించండి" అంది. నాన్న సరేనన్నాడు. ఆ తర్వాత నేను దాన్ని మర్చిపోయాను.

ఇందాక మేం వచ్చినప్పుడు నాన్న మమ్మల్ని మెట్ల మీదే ఉండమన్నాడు. బీరువా తాళం తీసొస్తానని ఒక్కడే పైకెళ్ళాడు. చాలాసేపు రాలేదు. తాళం బిగుసుకుపోయిందన్నాడు. అప్పుడు నమ్మాను.

సీసా తీసుకెళ్ళి పరశురాం బాబాయ్‌కిచ్చాను. పట్టుకోకముందే వదిలేశాను, నీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. "మంచిగనే అయింది, సల్లబడ్డ" అన్నాడు. నేను నాన్న చొక్కా అంచు పట్టుకుని లాగాను. ఊళ్ళో చిన్నప్పుడు అలా లాగేదాన్ని, నలుగురిలో మాట రాక. నాన్న నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా మెట్లగదిలోకి వచ్చాడు.

పొట్లం విప్పి చూపించాను.

నాన్న గోడకు ఆనుకున్నాడు. గోడ కాలుతుందని కూడా ఆయనకు తెలియలేదు.

"తలుపు లోపలేపు తగిలించాను," అన్నాడు మెల్లగా. "బయట కడితే ఇంటాయన చూత్తాడని. నిమ్మకాయ కిందికి జారి తలుపుకీ చట్రానికీ మధ్యన పడిపోయిందమ్మా. రెండు వేళ్ళు దూరేంత సందు, ఇందాక తాళం తీసినప్పుడే చూశాను. ఆరోజు పై గడియ పడింది కదా, మూసుకుందనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఎలా పనిచేసింది?"

"కరెంటుంటే ఏసీ లాక్కొచ్చేత్తుంది. నిన్న ఎండకి లోపల అప్పటికే హద్దుదాకా వేడెక్కుంది, అప్పుడే కోత పెట్టారు. ఏసీ ఆగింది, సందులోంచి వేడంతా లోపలికొచ్చింది. బ్యాటరీ మాత్రం ఏం చేత్తుంది, పడుకుంది."

"పరశురాం బాబాయ్ తప్పేం లేదు కదా."

నాన్న గుమ్మంలోంచి బయటికి తొంగిచూశాడు.

"నాన్నా, ఆయన్ని పంపించేస్తారు. మనం చెప్పేద్దాం. మీ ఉద్యోగం పోతే మనం ఊరెళ్ళిపోదాం. నేను ట్యూషన్లు చెప్తాను."

"నా ఉద్యోగం గురించి అనుకుంటున్నావా?" నాన్న గొంతు ఒక్కసారిగా పైకి లేచి, మళ్ళీ కిందికి దిగింది. "ఉద్యోగం పోతే పోతుందే. అబూ ఫహద్‌గారికి ఈ దండ చూపించి ఏమని చెప్పాలి? తాడు, మిరపకాయలు, ఎర్రబొట్టు. ఈళ్ళ దేశంలో దీన్ని దిష్టి అనరు. సిహర్ అంటారు."

"అంటే?"

"చేతబడి. కేసు పెట్టేత్తారంటారు. నిజంగా పెట్టడం నేను చూళ్ళేదు, ఇన్నాను. ఇప్పుడు నువ్వే చెప్పు. కట్టిందెవరు? ఆళ్ళింటి వంటమనిషి. పడిపోయిందెవరు? ఆళ్ళ పెద్దావిడ. పడిపోయినప్పుడు పక్కనున్నదెవరు? ఆ కట్టినావిడే."

నా నోరు ఎండిపోయింది. మిగిలిన నీళ్ళన్నీ పరశురాం బాబాయ్ దగ్గరున్నాయి.

"పరశురాం ఇంటికెళ్తే బతుకుతాడు," అన్నాడు నాన్న. "పెళ్ళాం ఉంది, పొలం ఉంది. తర్వాత నేనేదోటి చేత్తాను ఆడికి. మీ అమ్మని తీసుకెళ్ళి లోపల పెడితే నేనేం చెయ్యను?"

ఇలాంటివి నేను రాత్రి కాగితం మీద పెట్టుకుంటాను, అప్పుడు అర్థమవుతాయి. ఇక్కడ అంత వ్యవధి లేదు. బయట మునాఫ్ సార్ బూట్లు టకటకమంటూ తిరుగుతున్నాయి.

"మరి దీన్ని దాచడమెందుకు? వచ్చే దారిలో చెత్తడబ్బాలు ఉన్నాయి కదా. పడేయాల్సింది."

నాన్న నన్ను వింతగా చూశాడు. "దిష్టి పట్టిన నిమ్మకాయని చెత్తడబ్బాలో వేత్తారేంటే? మూడు దారులు కలిసేకాడ వెయ్యాలి, లేపోతే పారే నీళ్ళల్లో. ఎవరి కాలూ పడకూడదు. మీ అమ్మ మరీ మరీ చెప్పింది."

ఆయన చేతిలో ఉన్నది తనను పట్టించే వస్తువని ఆయనకు తెలుసు. అయినా దాన్ని మర్యాదగా పేపర్లో చుట్టి, అన్నం సంచిలో పెట్టుకుని, పారే నీళ్ళు లేని ఈ దేశంలో వాటి కోసం చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ బయటికి రాలేదు.

"రాజూ," అని బయటినుంచి పిలుపు. "వస్తాండాడప్పా. లిఫ్టు పైకొస్తాంది."

నాన్న బయటికి నడిచాడు. పొట్లం సంచిలో పెట్టమని కళ్ళతో చెప్పాడు. నేను పేపరు మడవబోయాను. ఎండకు పెళుసెక్కిన ఆ పేపరు చేతిలోనే ముక్కలైంది. దండ నా గుప్పిట్లో మిగిలింది.

అప్పుడే పరశురాం బాబాయ్ మాట వినిపించింది. "సార్, నా పేరే చెప్పుండ్రి. వంటింట్ల ఉన్న వదినె పరేషాన్ కావద్దు. నట్టు నాదే. రాజన్నకు ఏం సంబంధం లేదని గూడ చెప్పుండ్రి."

ఆయన నిజంగానే నమ్మేశాడు. తప్పు తనదేనని. ఊరికెళ్ళాక కూడా ఆ నట్టు గురించే ఆలోచిస్తూ ఉంటాడు. రాత్రుళ్ళు లేచి, బిగించానా లేదా అనుకుంటాడు. ఒక ముసలావిడ తన వల్లే పడిపోయిందనుకుంటూ బతుకుతాడు. నాన్న ఆయనకు తర్వాత ఏం చేసినా ఇది తీయలేడు.

నేను సంచి జిప్పు వేయలేదు. బయటికొచ్చాను.

అబూ ఫహద్ అప్పటికే పైకప్పు మీద ఉన్నాడు. కాళ్ళదాకా తెల్లటి దిష్దాషా, చేతిలో జపమాల, ఎర్రగా నిద్రలేని కళ్ళు. మా పక్కింటి తాతయ్య వయసుంటుంది. మునాఫ్ సార్ అరబ్బీలో ఏదో చెప్తున్నాడు. మధ్యలో "బ్యాటరీ" అన్న మాట, "పరశురాం" అన్న పేరు నాకు తెలిశాయి. పరశురాం బాబాయ్ చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. నాన్న ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఇద్దరి భుజాలూ ఆనుకుంటున్నాయి. అది చూడలేకపోయాను.

మా బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఇక్కడా ఎత్తలేదు. నడుచుకుంటూ వెళ్ళి వాళ్ళ మధ్యలో నిలబడ్డాను, అంతే. గుప్పిట్లోంచి మిరపకాయలు వేలాడుతున్నాయి.

మునాఫ్ సార్ మాట ఆగింది.

అబూ ఫహద్ నా చేతి వైపు చూశాడు. "షినో హాదా?" అన్నాడు.

ఏమిటిది అని. ఆ మాత్రం నాకు తెలుసు. గుప్పిట విప్పాను. ఆయన నిమ్మకాయను చూసి కొంచెం తెరిపిన పడ్డట్టు, "లూమి?" అన్నాడు.

లూమి కూడా నాకు తెలుసు. ఎండి నల్లబడిన నిమ్మకాయ, వీళ్ళు కూరల్లో వేసుకుంటారు. ఆ ఇంటి నుంచి అమ్మ పోయినసారి నాలుగు తెచ్చింది, పులుసులో వేద్దామని. అవునని తలూపితే చాలు. వంటమనిషి కూతురు, ఆటకోసం తాడుకు గుచ్చిన లూమి. ఆయన వదిలేసేవాడేమో.

తలూపలేదు. ఆయన దండను తన చేతిలోకి తీసుకున్నాడు. తాడు చూశాడు, ముడి చూశాడు. బొటనవేలితో కుంకుమ తుడిచి, ఆ వేలిని చూసుకున్నాడు. జపమాల తిరగడం ఆగిపోయింది. ఈసారి మునాఫ్ సార్ వైపు తిరిగి చిన్నగా ఏదో అడిగాడు.

"ఎవరిదని అడుగుతాండాడు," అన్నాడు మునాఫ్ సార్, ఎవరి వైపూ చూడకుండా.

నాన్న నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి అమ్మ పేరు రాకూడదు, ఆయన పేరూ రాకూడదు అనుకున్నాను. ఆ ఇద్దరిలో ఎవరి పేరు వచ్చినా అది అమ్మ దగ్గరికే పోతుంది.

"నాదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దిష్టి కోసం నేను కట్టాను. తలుపులో ఇరుక్కుంది ఇదే. తలుపు మూసుకోక బ్యాటరీ వేడెక్కింది. పరశురాం బాబాయ్ నట్లన్నీ బాగానే బిగించారు."

పరశురాం బాబాయ్ తలెత్తాడు. "ఏందిరా బిడ్డా," అన్నాడు.

మునాఫ్ సార్ నా మాటను అరబ్బీలోకి మార్చలేదు. రుమాలుతో ముఖం తుడుచుకుని నా ముందుకొచ్చాడు. "పాపా, ఇంగొకసారి ఆలోచించుకోని చెప్పు. నేను ఆయప్పకు చెప్పినాక ఆ మాట వెనక్కి తీసుకునేకి కాదు."

నాన్న చెయ్యి నా భుజం మీద పడింది. ఆపడానికో, పట్టుకోవడానికో తెలియలేదు.

అప్పుడు అబూ ఫహద్ జేబులో ఫోను మోగింది. ఇవాళ సిగ్నల్ బాగానే ఉంది. ఆసుపత్రి నుంచి కాబోలు, ఆయన ఆత్రంగా చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు ఆడమనిషిది, త్వరత్వరగా మాట్లాడుతోంది. పెద్ద మామా కళ్ళు తెరిచిందనో, ఇక తెరవదనో, నాకు తెలియలేదు. ఆయన వింటున్నాడు, వింటూ నన్నే చూస్తున్నాడు. నిమ్మకాయ ఉన్న ఆయన రెండో చెయ్యి మెల్లగా మూసుకుంది.